ఏసోబు కిటికీలకు జాలరు

చౌటుప్పల్ దాటాక ఉన్న ఆ కాలనీలో ఏసోబు ఇంటికి ఉన్నంత పెద్ద కిటికీలు ఇంకే ఇంటికీ లేవు. కట్టిన కొత్తలో తూర్పు కిటికీలోంచి దూరిన గాలి, లోపల దండెం మీదున్న అతని పెళ్లాం గ్లోరీ చీరను పడమటి కిటికీలోంచి ఎత్తుకుపోయిందనీ, అది నకిరేకల్ సంతలో ఎవరో బేరమాడుతుంటే దొరికిందనీ అంటారు. ఇందులో కొంచెం అబద్ధం ఉంది. చీర దొరకలేదు.

అంత పెద్ద కిటికీలు ఎందుకంటే, ఏసోబు పుట్టిన ఇంటికి అసలు కిటికీయే లేదు. ఒక్క అర, ఒక్క తలుపు. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా అన్నం ముద్ద నోట్లోకి పోతోందో చెవిలోకి పోతోందో తెలిసేది కాదు. నాయిన ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలి చేశాడు. అమ్మ సైదమ్మ నాట్లు వేసింది. ఏసోబు క్వారీలో రాళ్లు మోశాడు, లారీలకు బస్తాలెత్తాడు, ఆఖరికి హైవే పక్కన ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేరి, కనపడిన ప్రతి సారుకూ దండం పెట్టి పర్మినెంటయ్యాడు. సొంత జాగాలో ముగ్గు పోసిన రోజు మేస్త్రీతో అన్న మొదటి మాట ఇది:

“కిటికీలు ఎంత పెద్దగ పెట్టొస్తే గంత పెద్దగ పెట్టు.”

మేస్త్రీ తల గోక్కున్నాడు. “గోడలుండాల్నా, వద్దా అన్నా?”

ఇల్లు పూర్తయింది. వచ్చినవాళ్లకల్లా ఏసోబు ముందు కిటికీలు చూపించి, తర్వాతే మంచినీళ్లు ఇచ్చేవాడు. ఆ సంబరం తీరకముందే కంపెనీవాళ్లు కొత్త బ్లాకు తెరిచి అతన్ని రాత్రి షిఫ్టులో వేశారు. ఇక పగలు పడుకోవాలి. పొద్దున తూర్పు కిటికీలోంచి, మధ్యాహ్నం దాటాక పడమటి కిటికీలోంచి సూర్యుడు కూడా ఆ ఇంట్లో షిఫ్టులు చేయడం మొదలుపెట్టాడు. మంచం మీద ఏసోబు పక్కన వడియాలు పెడితే ఒక్క పూటలో ఎండుతాయని సైదమ్మ అనేది. అనడమే కాదు, ఒకసారి పెట్టింది కూడా.

మొదట ఏసోబు గొర్రెలు కాసే దోస్తు బీరన్న దగ్గర నల్ల గొంగడి అడిగి తెచ్చి కిటికీకి వేలాడదీశాడు. చీకటైతే అయింది. కానీ కిటికీ నిండా నల్లగుడ్డ చూసి, చావు జరిగిందనుకుని, ప్రార్థనకు కలిసి వెళ్లే ఆడవాళ్లు చెంగులు నెత్తిన కప్పుకుని వచ్చేశారు. తలుపు తీసిన సైదమ్మను పట్టుకుని వాళ్లలో గుర్వమ్మ ఏడుపు అందుకుంది.

“నిన్ననే గదనే, చేతిల టిఫిను పట్టుకొని పోంగ చూస్తిని! ఎంత మంచిగుండె పిలగాడు!”

లోపలి నుంచి “జర లొల్లి ఆపుండ్రి, పండనియ్యరా?” అని ఏసోబు గొంతు వినిపించింది. గుర్వమ్మ చెప్పులు అక్కడే విడిచి హైవే దాకా పరుగెత్తింది. ఆ సాయంత్రమే గ్లోరీ ఆన పెట్టింది. ఈ ఇంట్లో కిటికీకి నల్లగుడ్డ కట్టేది లేదు.

తర్వాత బ్లైండ్లు బిగించారు. గొలుసు లాగితే చుట్ట విప్పుకుంటూ కిందికి దిగే రకం. అవి కూడా మంచివే. కాని చుట్ట ఉన్న గొట్టానికీ గోడకూ నడుమ, పైన, ఒక సందు మిగిలింది. అందులోంచి కత్తిలా ఒక వెలుగు గీత దిగి, గదంతా వదిలేసి సరిగ్గా ఏసోబు కళ్ల మీద పడేది. అతను మంచం జరిపితే అదీ జరిగేది. కాళ్ల వైపు తల పెట్టుకుంటే, సాయంత్రానికి అక్కడికీ వచ్చేది. దానికి విరుగుడు జాలరు ఒక్కటే. బ్లైండు నెత్తిన, సందు కనపడకుండా, అడ్డంగా కట్టే కుచ్చుల గుడ్డ. కట్టిద్దామని గ్లోరీ ఎప్పటినుంచో అంటోంది. ఆమెకు కావలసింది అందం. ఆదివారం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంది మరి.

ఏసోబుకు కావలసింది వేరు. అదేమిటో అతను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కంపెనీలో అతని పని ఆవిరి వాల్వు దగ్గర నిలబడి గడియారంలాంటి ఒక మీటరును చూడటం. ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే వాల్వు తిప్పి మూసెయ్యాలి. అంతే పని. మొన్నటి షిఫ్టులో నిలబడే కన్నంటుకుంది. తెరిచేసరికి ముల్లు ఎర్రగీత దాటి ఉంది, వాల్వు మీద తన చెయ్యి కాక షిఫ్టు సారు పరమేష్ చెయ్యి ఉంది. పరమేష్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మూసేసి, చెమట తుడుచుకుని, మెల్లగా చెప్పాడు. “ఇంకోసారి కన్ను మూతపడితే గేటు బయట పండు. ఆడ ఎవ్వడూ లేపడు నిన్ను. ఎల్లుండి పెద్ద బ్యాచ్ ఉంది. నేను నీ పక్కనే నిలబడ్త.”

ఆ ఎల్లుండి ఈరోజే. పొద్దున షిఫ్టు దిగి వచ్చిన ఏసోబుకు నిన్న గానీ మొన్న గానీ నిద్ర లేదు. బ్లాకంతా తన భుజాల మీదే నడుస్తోందనీ, తను సెలవు పెడితే కంపెనీవాళ్లు గేటుకు తాళం వేసుకుంటారనీ గ్లోరీకి చెప్పుకున్న మనిషి, ఇప్పుడు ఈ ముక్క ఏ నోటితో చెబుతాడు? “పా, జాలరు తెద్దాం” అన్నాడు.

“ఇప్పుడా? జర పండి లేవరాదు.”

“తెచ్చినంకనే పండుత.”

బండి మీద గ్లోరీ వెనక కూర్చుని రంగుల గురించి మాట్లాడుతోంది. హైవే ఎక్కాక ఆమె మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు అనిపించాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. ఒక్కసారిగా చక్రాల కింద కంకర కరకరలాడింది, చెవి పక్కనుంచి లారీ హారన్ గుండెలు అదిరేలా మోగుతూ పోయింది. గ్లోరీ అతని చొక్కా గుప్పిట్లో పట్టుకుని ఉంది.

“ఏమైందయ్యా?”

“కుక్క అడ్డమొచ్చింది.”

“నాకే కుక్క కనపడలే.”

“కనపడేదాంక ఉంటదా? నేను తప్పించిన గద!” అన్నాడు. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు.

పరదాల దుకాణం నడిపే నాగరాణి మాటల మనిషి. గుడ్డ కన్నా ముందు మాటలు పరుస్తుంది. “రా అక్కా, రా. కిటికీ ఉంటే సాలదు, కిటికీకి మొకం ఉండాలె. జాలరంటే గదే” అంటూ తానులు దించింది. గ్లోరీ చూపు ఒకదాని మీద పడనే పడింది. మీగడ రంగు వల, దాని నిండా ద్రాక్ష గుత్తుల అల్లిక. ఎత్తి ట్యూబులైటుకు అడ్డం పట్టింది. ఏసోబు మొహం మీద ద్రాక్ష గుత్తులు వెలిగాయి.

“గీ ద్రాక్షల సందులకెళ్లి ఎండ రాదా?” అన్నాడు.

“వస్తే ద్రాక్ష పండ్ల లెక్కనే పడ్తది గద. నీ మొకానికి అంతకన్న సోకేముంటది?” అంది గ్లోరీ.

నాగరాణి పకపక నవ్వి ఇంకోటి తీసింది. దీనికి అంచున గాజు పూసలు. “గిది చూడు అన్నా, గాలికి గలగలమంటది.”

“ఎండకు తోడు గిదొకటా? నా నెత్తి మీద బ్యాండు మేళం గూడ పెట్టు.”

“మీ ఆయనకు గుడ్డల సంగతి తెల్వదక్కా.”

“ఏ సంగతీ తెల్వదు. చెప్పుడు మాత్రం కలెక్టరు చెప్పినట్టు చెప్తడు” అంది గ్లోరీ.

మామూలు రోజైతే ఏసోబు దీనికి పది జవాబులు ఇచ్చేవాడు. ఇప్పుడు ధ్యాస వేరే. మందంగా ఉన్న గుడ్డ కావాలి. ఎందుకని అడిగితే చెప్పాలి. చెబితే ఇన్నాళ్ల గొప్పలూ ఈ దుకాణంలోనే, నాగరాణి ముందే నేల రాలతాయి. గోడవారన పేర్చిన తానులకు ఆనుకుని, ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించాడు. ఆలోచన సగంలో ఉండగా తానుల్లోకి కూరుకుపోయాడు.

తర్వాత అతనికి తెలిసింది ముల్లు. ముల్లు కదులుతోంది. ఎర్రగీత దగ్గరికి వస్తోంది. వాల్వు బిగిసిపోయింది, తిరగడం లేదు.

“మూసిన సారూ... మూసిన, మూసిన!”

కళ్లు తెరిచాడు. అతని కుడిచెయ్యి గాలిలో లేని వాల్వును తిప్పుతోంది. మొహమంతా చెమట. నాగరాణి నవ్వు ఆగిపోయింది. గ్లోరీ ద్రాక్షల వల చేతిలో పట్టుకుని అతని చేతినే చూస్తోంది.

“ఏం మూసినవ్?”

“ఏం లేదు. కల.”

“తొవ్వల కుక్క గూడ కలనేనా?”

ఏసోబు తల దించుకున్నాడు. ఇక దాచడానికి ఓపిక లేదు. “మొన్న డ్యూటీల కన్నంటింది. ముల్లు దాటింది. ఇంకోసారి అంటితే గేటు బయటనే అన్నడు పరమేష్ సారు. ఇయ్యాల పక్కనే నిలబడ్తడట. కొలువు పోవుడు ఒక్కటే కాదు. ఆ ముల్లు దాటితే ఆ బ్లాకుల మేం ఎవ్వరం ఉండం” అన్నాడు.

గ్లోరీ ద్రాక్షల వలను మడత పెట్టి బల్ల మీద పెట్టింది. మడత సరిగ్గా రాలేదు, మళ్లీ పెట్టింది. అప్పుడు నాగరాణి వైపు తిరిగింది.

“నీ దుకాణంల అన్నిట్ల మందంది తియ్యి. ఎండ సొరబడొద్దు. నల్లది మాత్రం వద్దు.”

“కుట్టాలంటే రేపు...”

“ఇయ్యాల కావాలె. ఇప్పుడు.”

నాగరాణి నసుగుతూ లోపలికెళ్లి ఒక పెద్ద మూట ఈడ్చుకొచ్చింది. ఏదో ఫంక్షన్ హాలు స్టేజీకి కుట్టిన జాలరట, రంగు నచ్చక తీసుకుపోలేదట. ముదురు ఎరుపు మఖ్‌మల్, లోపల దళసరి అస్తరు, కింద జానెడు బంగారు కుచ్చులు. పైన చెక్కకు బిగించే ఉంది. చెక్క గోడకు ఆనుకుంటుంది కాబట్టి సందు మూతపడుతుంది. అది కట్టుకున్న కిటికీ ముందు వధూవరులను కూర్చోబెట్టి అక్షింతలు వేయడమే తరువాయి.

“ఆదివారం వచ్చినోళ్లు నవ్వుతరు గ్లోరీ” అన్నాడు ఏసోబు.

“ప్రార్థన వాకిట్ల పెట్టుకుంటం. రెండు కిటికీలకు సరిపోను కొయ్యమను. బండి నువ్వు తోలకు, ఆటో పిలువు.”

ఇంట్లో సైదమ్మ ఆ మూట చూసి ముక్కున వేలేసుకుంది. “ఏందే కోడలా, ఇల్లా ఇది, టెంటా?”

“అత్తమ్మా, కుర్చీ పట్టుకో” అంది గ్లోరీ, మొలలు పెదాల మధ్య పెట్టుకుంటూ.

సాయం చెయ్యబోతే ఇద్దరూ కసిరారు. ఏసోబు మంచం మీద పడుకుని పైకి చూశాడు. తూర్పుది అయిపోయింది. పడమటి సందులోంచి వెలుగు గీత అతని కళ్ల మీదే ఉంది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా అది వణికింది, సన్నబడింది, దారమైంది. ఆపైన లేదు. గ్లోరీ కుర్చీ దిగిన చప్పుడు వినిపించింది గానీ తలుపు వేసిన చప్పుడు అతనికి వినిపించలేదు.

మెలకువ వచ్చేసరికి కటిక చీకటి. కళ్లు తెరిచాడో లేదో తెలియక వేళ్లతో రెప్పలు తడుముకున్నాడు. తెరిచే ఉన్నాయి. రాత్రయిపోయింది. కంపెనీ బస్సు వెళ్లిపోయింది. వాల్వు దగ్గర తను లేడు.

“గ్లోరీ!”

జవాబు లేదు.

“అమ్మా!”

ఇంట్లో ఎవరూ లేరు. లేచి గోడ పట్టుకుని కిటికీ వైపు నడిచాడు. మోకాలు కుర్చీకి కొట్టుకుంది. గొలుసు కోసం తడిమితే కుచ్చులు చేతిలోకి వచ్చాయి. అవే లాగాడు. చెక్క ఒక కొస ఊడి, సగం జాలరు నెత్తి మీద పడింది. దాని వెనక నుంచి వెలుగు వచ్చింది. ఎర్రటి, పొద్దుగూకే వేళ వెలుగు. అదే సమయంలో వీధి మలుపు నుంచి బస్సు హారన్, నొక్కిన చెయ్యి తియ్యకుండా మోగింది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తాడు. మలుపులో బస్సు ఆగి ఉంది. ఆగి ఉండక ఏం చేస్తుంది? గ్లోరీ దాని ముందు, అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. సైదమ్మ ఫుట్‌బోర్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

“జరుగు చెల్లె! ఒక్కని కోసం అందరికి ఆలస్యమైతది!” డ్రైవరు కిటికీలోంచి అరుస్తున్నాడు. “ఆయనను లేపుకరారాదు?”

“లేప. ఆయనే లేస్తడు” అంది గ్లోరీ.

“లేవకపోతే?”

“అప్పటిదాంక ఈడనే ఉంటది బస్సు.”

ఏసోబును చూడగానే బస్సులో ఈలలు మొదలయ్యాయి. “ఏసోబన్నా, పెండ్లికొడుకు లెక్క వచ్చినవేందే?” భుజం మీద బంగారు కుచ్చు ఒకటి వేలాడుతోందని అప్పుడు చూసుకున్నాడు. గ్లోరీ దాన్ని తీసేసి టిఫిను చేతిలో పెట్టింది.

“లేపుదామని తలుపు దాంక వచ్చిన. చెయ్యి రాలే” అంది మెల్లగా.

ఆ రాత్రి గ్లోరీ నిద్రపోయిందో లేదో ఏసోబుకు తెలియదు. తెల్లారి బస్సు దిగేసరికి ఆమె మలుపులోనే ఉంది. ముందు అతని చేతుల వంక చూసింది. పనిలోంచి తీసేసినవాళ్లకు బట్టలూ బూట్లూ మూటగట్టి ఇచ్చి పంపుతారు. చేతిలో టిఫిను ఒక్కటే ఉంది. అయినా ఆమె మొహం తేటపడలేదు.

“ఏమన్నడు?”

మామూలుగా అయితే ఏసోబు ఇక్కడే మొదలుపెట్టి ఇంటి దాకా కథ చెప్పేవాడు. పరమేష్ సారు తన కాళ్లు మొక్కాడనేవాడు. ముల్లు తనను చూసి భయపడి వెనక్కి పోయిందనేవాడు.

“ఏమనలే” అన్నాడు.

“పక్కన నిలబడ్డడా?”

“మొదట్ల నిలబడ్డడు. నా కండ్లే చూసిండు, మీటరు చూడలే.”

“మల్ల?”

“మల్ల జరసేపయినంక పోయిండు.”

“ఏడికి?”

“ఆయన పనికి. తెల్లారేదాంక నా దిక్కు రాలే.”

గ్లోరీ టిఫిను అందుకుంది. ఇల్లు చేరగానే ఏసోబు అన్నం కూడా అడగకుండా లోపలికి వెళ్లి, రాత్రే ఆమె మళ్లీ బిగించిన జాలరు కింద పడుకున్నాడు. ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి, ఊపిరి సమంగా వచ్చేదాకా విని, తలుపు దగ్గరకు వేసింది.