ఉప్పలయ్య చూసిన ఫైనల్

చివ్వెంల చుట్టుపక్కల మోటార్ వైండింగ్ ఉప్పలయ్య అంటే తెలియని రైతు లేడు. బోరు మోటారు కాలిపోతే ముందు దేవుడికి, ఆ తర్వాత ఉప్పలయ్యకు మొక్కాలి. రాగి తీగ చుట్టడంలో ఆ చేతులకు తిరుగులేదు. నోటికి మాత్రం నాలుగడుగుల దూరంలో నిలబడాలి. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవడైనా "పొద్దూకేసరికి కావాలె" అని తొందరపెట్టాడా, చేతిలో స్పానరు గాల్లోకి లేచిందే. సైదయ్య అనే రైతు నుదుటి మీద ఆ స్పానరు గుర్తు ఇప్పటికీ ఉంది. అయినా మోటారు కాలితే పాపం ఆయన మళ్లీ ఇక్కడికే వస్తాడు.

ఇరవై ఆరేళ్ల వయసులో ఉప్పలయ్య మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. పగలు బస్తాలు, సాయంత్రం కబడ్డీ. అతను కూతకు వెళ్తే అవతలి జట్టు గీత దాకా వెనక్కి జరిగేది. ఒకనాడు ధాన్యం బస్తాల వరుస కూలి మీద పడింది. దవాఖానలో కళ్లు తెరిచేసరికి కుడికాలు మోకాలి పైదాకా లేదు. ఆ తర్వాత ఇంట్లో కబడ్డీ మాట ఎవరెత్తినా కంచం గోడకు తగిలేది.

అలాంటి ఇంట్లో పుట్టి, కూతురు భాగ్యశ్రీ ఆ కబడ్డీనే పట్టుకుంది. దాన్నేమనాలి! తండ్రికి తెలియకుండా రెండేళ్లు బళ్లో ఆడింది. తెలిసిన రోజు వీపు విమానం మోత మోగుతుందని తల్లి బాలనర్సమ్మ వణికింది. ఉప్పలయ్య మాత్రం వాకిట్లో సున్నంతో గీత గీయించి, మంచం మీద కూర్చుని, "నడుం వంచు. కాలు కాదు, కండ్లు ముందల పోవాలె" అని మొదలుపెట్టాడు. నాలుగేళ్లు అలా నేర్పాడు. పిల్ల సూర్యాపేట జట్టుకు మొదటి రైడర్ అయ్యింది. కానీ అసలు ఆట అతను ఒక్కసారీ చూడలేదు. ఎక్కడికి పోయినా మెట్లు, తోపులాట. గోడ బయట బండి మీద కూర్చుని చప్పట్లు విని వచ్చేవాడు.

ఈ ఫిబ్రవరిలో కృష్ణమూర్తి అనే విత్తనాల వ్యాపారి తన తండ్రి పేరు మీద కోదాడలో మూడు పట్టణాల పోటీలు పెట్టాడు. మిర్యాలగూడను ఓడించి సూర్యాపేట ఆడపిల్లలు ఫైనల్‌కు వచ్చారు. ఎదురు జట్టు కోదాడే.

"ఈసారి సచ్చినా సూస్త" అన్నాడు ఉప్పలయ్య.

"రా నాయినా. కని లొల్లి పెట్టకు. గాడ నీకేమన్నయితే నా కాళ్లు ఆడవు" అంది భాగ్యశ్రీ.

పెట్టనన్నాడు. జీవితంలో మొదటిసారి ఒట్టేసి మరీ అన్నాడు.

మూడు చక్రాల స్కూటీ మీద మొగుడూ పెళ్లాం కోదాడ చేరారు. స్టేడియం గేటు దగ్గర వంశీ అని మెడలో బ్యాడ్జీ వేసుకున్న వాలంటీరు అడ్డం నిలబడ్డాడు.

"కర్రలు లోపలికి రావండీ. పోయినేడు ఇదే స్టేడియంలో వేరే ఆటప్పుడు కర్రలతో తలకాయలు పగలగొట్టుకున్నారు. రూలంటే రూలే."

"ఇవి కర్రలారా? నా కాళ్లు!"

"కాళ్లయితే ఒంటికుండాలి కదండీ" అన్నాడు వంశీ. వెనక ఉన్నవాళ్లు ఇకిలించారు. చంకల్లో ఉన్న రెండు కర్రలూ లాక్కుని, గుడి ముందు చెప్పులకు ఇచ్చినట్టు ఒక టోకెన్ చేతిలో పెట్టాడు.

ఉప్పలయ్య పిడికిలి బిగుసుకుంది. బాలనర్సమ్మ ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని, "పిల్ల ఆట చూడాలె. జర ఓర్సుకో" అంది. ఓర్చుకున్నాడు. ఆమె భుజం మీద బరువేసి గెంతుకుంటూ లోపలికి వెళ్లాడు.

లోపల దివ్యాంగులకని బోర్డు పెట్టిన చోటు ఉంది, కాదనలేం. ఏటవాలు దారి కూడా వేశారు. ఆ దారికి అడ్డంగా కృష్ణమూర్తి దండం పెడుతున్న నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. సందులోంచి దూరి వెళ్లినా, కనిపించేది వేదిక వెనక భాగమూ కూల్‌డ్రింకు డబ్బాలే. "థూ!" అని ఉమ్మేసి, ఉప్పలయ్య గెంతుకుంటూ కోర్టు పక్కన ఇనుప గొట్టాల కంచె దాకా పోయాడు. రెండు చేతులతో గొట్టం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. వదిలితే కింద పడతాడు. కానీ కోర్టు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది. పదడుగుల దూరంలో పిల్ల మోకాళ్లకు పట్టీలు బిగించుకుంటోంది. తండ్రిని చూసి చెయ్యి ఊపింది. అతనికి ఊపడానికి చెయ్యి ఖాళీ లేదు. తల ఊపాడు.

ఆట మొదలైంది. భాగ్యశ్రీ కూతకు వెళ్లిన ప్రతిసారీ గ్యాలరీ నుంచి బూతులు. మూడోసారి నీళ్ల సీసాలు వచ్చి పడ్డాయి. అందులో ఒకటి సూర్యాపేట పిల్ల ఒకర్తె కణతకు తగిలింది. అంతే, సూర్యాపేట పోరగాళ్లు కుర్చీలు ఎత్తారు. కోదాడ వాళ్లు ఊరుకుంటారా? ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగి ఒకడి బుగ్గలో దిగింది. ఒకడి కాలరు పట్టుకుని మెట్ల మీద నుంచి ఈడ్చారు, తల ప్రతి మెట్టుకూ కొట్టుకుంది. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని గేటు వైపు పరుగెత్తారు. ఆ తోపులాటలో బాలనర్సమ్మ ఎటో కొట్టుకుపోయింది. ఎవడో ఉప్పలయ్య వీపు మీదుగా ఎక్కి దూకాడు. గొట్టానికి ఛాతీ కొట్టుకుని ఊపిరాడలేదు. అయినా చేతులు వదల్లేదు. పోలీసులు లాఠీలు తిప్పారు, మైకులో కృష్ణమూర్తి బతిమాలాడు, పది నిమిషాలకు సద్దుమణిగింది. నెత్తురు మీద ఇసుక చల్లి ఆట మళ్లీ పెట్టారు.

కోదాడ ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి కూత భాగ్యశ్రీది.

సరిగ్గా అప్పుడే కృష్ణమూర్తి కొడుకు రాకేష్ నలుగురితో వచ్చి ఉప్పలయ్య పక్కనే కంచెకు వేలాడి, చూపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"జర పక్కకు జరుగు బిడ్డా. మా పిల్ల ఆడుతున్నది" అన్నాడు ఉప్పలయ్య. చూడండి, ఉప్పలయ్య నోట 'బిడ్డా' అన్న మాట!

రాకేష్ ఇటు తిరిగాడు. "మీ పిల్లా? ఆ రైడరా?" కళ్లు మెరిశాయి. పక్కవాళ్లతో అన్నాడు, "ఒరేయ్, దాని నాన్నంట వీడు. వీడికి నాలుగు తగిలించండి. అది కూత మర్చిపోద్ది."

మొదటి దెబ్బ మూత్రపిండాల మీద పడింది. రెండోది చెవి మీద. చెవిలో కుయ్యిమంది. మూడోవాడు బూటుకాలితో ఉన్న ఒక్క కాలినీ పిక్క మీద తన్నాడు. మరొకడు గొట్టం మీద వేళ్లను సెల్‌ఫోన్ అంచుతో నలగ్గొట్టాడు. గోరు లేచిపోయింది. ఒక్క చెయ్యి వదిలితే చాలు, ఆ రాకేష్ గొంతు పిసికి పారేసేవాడు. తీగలు బిగించి బిగించి ఇనుమైన చేతులవి. కానీ వదిలితే పడతాడు. పడితే పిల్ల చూస్తుంది. చూస్తే ఆట పోతుంది. 'కొట్టండ్రా, కొట్టుకోండి' అనుకున్నాడు. పళ్లు బిగించాడు. ముఖం కోర్టు వైపే పెట్టి, తనకు ఏమీ కాలేదని పిల్లకు తెలియాలని, నవ్వాడు. పెదవి చిట్లి పళ్లు ఎర్రబడ్డా నవ్వుతూనే ఉన్నాడు.

భాగ్యశ్రీ కూత పెట్టింది. నడుం వంచింది. కళ్లు ముందు వెళ్లాయి, కాలు తర్వాత వెళ్లింది. మూలన ఉన్న పిల్ల వేళ్లు తాకింది, తిరుగుతూ మడమతో ఇంకొకర్తెను తాకింది. ఇద్దరు! అబ్బ, ఏం తాకిందీ! ఆ క్షణంలో ఉప్పలయ్యకు వీపు మీద ఏ దెబ్బా తెలియలేదు. గీత రెండడుగులు. అడ్డం ఎవరూ లేరు. రెండడుగులు వేస్తే కప్పు సూర్యాపేటది.

పిల్ల తండ్రి వైపు చూసింది. నిలబడిపోయింది. కూత ఆగింది.

"ఉరుకు!" అని అరిచాడు ఉప్పలయ్య.

ఉరికింది, కానీ మధ్య గీత వైపు కాదు. పక్క గీత దాటి, కంచె మీద చెయ్యి వేసి దూకి, రాకేష్ రెండు కాళ్లనూ చీలమండల దగ్గర పట్టి ఎత్తి కుదేసింది. వాడి మోచెయ్యి సిమెంటుకు తగిలి ఫట్‌మంది. వాడి కేక గ్యాలరీ చివరి దాకా వినిపించింది. రెండోవాడి ముక్కు మీద మోకాలు దిగింది. మిగతావాళ్లు పారిపోయారు. కోర్టులో ఈల మోగింది. రైడర్ అవుట్. కోదాడ గెలిచింది.

పోలీసులు వచ్చి విడదీసేసరికి ఉప్పలయ్య నేల మీద ఉన్నాడు. బాలనర్సమ్మ ఎక్కడి నుంచో జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చి అతని తల ఒళ్లో పెట్టుకుంది. అతను నెత్తురు ఉమ్మేస్తూ కూతురి మీద విరుచుకుపడ్డాడు.

"రెండడుగులే గదనే! రెండడుగులు! నేను తన్నులెందుకు తిన్ననే? సిగ్గులేదా నీకు? నాకేం కాలేదని నీకు తెల్వాలనే గద నవ్వుకుంట నిలబడ్డ!"

"గందుకే ఆగిన నాయినా" అంది భాగ్యశ్రీ. వెక్కుతోంది. "నువ్వు తిడుతవనుకున్న. అరుస్తవనుకున్న. నువ్వు ముందుగాల్నే అరిస్తే నేను గీత దిక్కు ఉరికేదాన్ని. నువ్వెన్నడన్న నవ్వినవా? నేను పుట్టినంక ఒక్కసారన్న నవ్వినవా? నువ్వు నవ్వుడు సూసి, సచ్చిపోతున్నవేమో అనుకున్న."

ఉప్పలయ్య అందరూ చూస్తుండగా, పోలీసులు చూస్తుండగా, కూతురి మెడ చుట్టూ చేతులు వేసి పెద్దగా ఏడ్చాడు.