మొహమాటాల మేయరు

నార్త్ డకోటా గోధుమ పొలాల నడుమ స్కోగెన్ అనే ఊరికి సెల్మెర్ ట్వీట్ మేయరు. ఫైరింజను నడిపేదీ, వీధిలో మంచు ఎత్తేదీ కూడా ఆయనే. రైలు ఆగడం మానేశాక బ్యాంకు పోయింది, బడి పోయింది, ఆఖరికి బీరు కొట్టు కూడా మూతపడింది. ఇక మిగిలింది ఖాళీ ధాన్యం గోదామూ, దాని మీద పావురాలూ, సెల్మెరూ, ఎదురింటి ఆర్డిస్ లోకెనూ. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళే. ఆమెకు భర్త పోయాడు. ఆయనకు అసలు పెళ్ళే కాలేదు. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. సెల్మెర్‌కి మాత్రం మొహమాటానికి పోయి పెళ్ళే తప్పిపోయింది.

మొన్నటి ఎన్నికల్లో తన ఓటు తనకే వేసుకోవడం సిగ్గనిపించి ఆర్డిస్‌కి వేశాడు. ఆమె కూడా సిగ్గుపడి ఆయనకే వేసింది. సమానం కావడంతో బొమ్మా బొరుసూ వేసి, ఓడినవాళ్ళే మేయరని తేల్చారు. "ఓడి మేయరైనవాణ్ణి దేశం మొత్తం మీద నేనొక్కణ్ణే" అని ఆయన పావురాలతో చెప్పుకునేవాడు.

నార్వే నుంచి తాతలు తెచ్చిన ఆస్తిలో ఆ ఊరికి మిగిలింది ఒక్కటే. ఎవరేం పెట్టినా రెండుసార్లు వద్దనాలి. మూడోసారి "మీరింతగా బలవంతం చేస్తే" అంటూ పుచ్చుకోవాలి. మొదటిసారికే చెయ్యి చాచినవాణ్ణి తిండిపోతనేవారు.

కోతలయ్యాక ఒకరోజు ఆర్డిస్ తన వంటింట్లో కాఫీ పోస్తూ, మైనాట్ పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పింది.

"ఉండిపోకూడదూ?" అన్నాడు సెల్మెర్ కప్పులోకి చూస్తూ.

"ఎందుకు లెండి, మీకు శ్రమ."

"సరే, మీ ఇష్టం."

ఇంటికి పోయి అద్దంలో మొహం చూసుకున్నాడు. "శభాష్ మేయరూ! సగం ఊరిని ఒక్క మాటతో సాగనంపావు!" అని తనను తానే తిట్టుకున్నాడు. ఆ మర్నాడే సామాను కట్టడానికి తాళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాడు. సాయమడిగితే కాదనలేడు, అడక్కపోయినా ఊరుకోలేడు.

మైనాట్ నుంచి లారీ వచ్చింది. బీరువా ఎక్కించి సెల్మెర్ తాళ్ళు బిగించాక, లావుపాటి డ్రైవరుని ఆర్డిస్ వంటింట్లోకి పిలిచింది.

"కాఫీ తాగుతావా బాబూ?"

"ఆ, ఇవ్వండి. ఆ ఆలుగడ్డ రొట్టె కూడా ఇటు ఇవ్వండి."

ఒక్క పిలుపుకే! సెల్మెర్ నోరెళ్ళబెట్టాడు. డ్రైవరు రొట్టె నములుతూ బయటికి వెళ్ళాక, "సిగ్గులేని మనిషి" అని గొణిగాడు.

"మనకంటే నయం. మీరు ఒక్కసారి అడిగి ఊరుకున్నారు," అంది ఆర్డిస్.

"మీరు వద్దన్నారు కదండీ!"

"ఈ ఊళ్ళో మొదటిసారికే ఔనన్నదెవరండీ? ఇంకోసారి అడుగుతారేమోనని ఎదురుచూస్తూనే సామాను సర్దాను. మీరేమో తాళ్ళు తెచ్చిచ్చారు!"

సెల్మెర్‌కి చెవులు ఎర్రబడ్డాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇతగాడు అడిగే లెక్క కూడా మరిచిపోయాడు.

"ఉండిపోండి," అన్నాడు.

"చెల్లెలికి మాటిచ్చానండీ."

బయట హారన్ మోగింది.

"ఒంటరిగా ఉండాలంటే నాకు భయం, ఆర్డిస్ గారూ. మేయరుగా చెప్పడం లేదు. ఉండిపోండి."

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "మీరింతగా బలవంతం చేస్తే..." అంది.

సెల్మెర్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది కానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు. లారీ దగ్గరికి పోయి, తను బిగించిన ముళ్ళే విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"సాయం పట్టమంటారా?" అన్నాడు డ్రైవరు.

"అబ్బే, వద్దు బాబూ."

డ్రైవరు సరేనని వెళ్ళి తన సీట్లో కూర్చుని రేడియో పెట్టుకున్నాడు.

"ఒక్కసారి వద్దంటేనే పోయాడు, మొద్దు!" అని గొణుగుతూ సెల్మెర్ బీరువాని ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క ఆర్డిస్ పట్టుకుంది.