గురక ఆగినప్పుడు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, తొర్రూరు బస్సులో నా పక్కన అప్పుడే పరిచయమైన మరియమ్మ, ఆమె పక్కన ఆమె భర్త కూర్చున్నారు. ఆయన గురకకు అందరూ నవ్వుతున్నారు. ఉన్నట్టుండి గురక ఆగింది. మరియమ్మ వెంటనే ఆయన భుజం తట్టింది. ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“నిద్రల ఊపిరి ఆగుతది చెల్లె. గురక ఇనవడ్తాందంటె నాకు ఫికర్ లేదు. కల్లు బంద్ జేసిండు, పొద్దుగాల నడుస్తాండు. ఇప్పుడు జర నయమే,” అంది.

మా కాకినాడలో గురకను తిట్టుకునేవాళ్లనే చూశాను. దాన్ని ఇంత ప్రేమగా వినే మనిషిని చూడడం అదే మొదలు.

“రాతిరంత కూసొనే ఉన్న. జరసేపు నువ్వు ఈ గురక ఇంటవా?” అని నా భుజం మీద తల వాల్చింది.

కాసేపటికి గురక మళ్లీ ఆగింది. పరాయి మగవాణ్ణి తాకడమా అని కూడా ఆలోచించకుండా, చేయి చాచి ఆయన భుజం తట్టాను.