బాపమ్మ ఒట్టు, బొంబాయి లైను

1982 వేసవిలో నన్ను మహబూబాబాద్ నుంచి జనగామ ఎక్స్ఛేంజికి బదిలీ చేశారు. హోదా టెలిఫోన్ ఆపరేటరు. బదిలీ అంటే బోర్డు మారడమే గాని పని మారదు. అదే హెడ్‌సెట్, బోర్డులో గుచ్చి లైను కలిపే అవే తాళ్లు, ఏదో ఒక లైను పాడైందని అదే తిట్లు.

ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు గాని, అప్పట్లో వేరే ఊరికి ఫోను చేయాలంటే ముందు మాకు చెప్పి బుక్ చేసుకుని కూర్చోవాలి. దాన్ని ట్రంకాల్ అనేవారు. అందులో ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. లైట్నింగ్ వచ్చిందంటే మిగతా కాల్స్ అన్నిటినీ పక్కన పెట్టి దానికి దారి ఇవ్వాల్సిందే. దాని చార్జీ విన్నవాళ్లు నెత్తిన పిడుగు పడినా ఇంతకన్నా నయమే అనేవారు. 'పీపీ' అని రాసి ఉంటే ఫలానా మనిషే కావాలని అర్థం. ఆ మనిషిని వెతికించి ఫోను దగ్గరికి రప్పించే పూచీ మాది.

పల్లెలకు పోస్టాఫీసులో ఒక్క ఫోను ఉండేది. ఇనుప స్తంభాల మీద సాగే ఆ తీగలో మాట జనగామ దాకా వచ్చేసరికే సగం ప్రాణం పోయేది. హైదరాబాద్ దాటి ముందుకు వెళ్లేది కాదు. అటువంటప్పుడు మధ్యలో ఉన్న ఆపరేటరు ఇటు విన్నది అటు, అటు విన్నది ఇటు చెప్పాలి. దీన్ని రిలే అంటాం. కలపకూడదు, తగ్గించకూడదు అన్నది రూలు. హైదరాబాద్ ట్రైనింగులో మాకు ఇంకో పాఠం కూడా చెప్పారు. బోర్డు మీద 'మంచి తెలుగు' మాట్లాడాలని. మా యాస విని నవ్విన కోస్తా వాళ్లు ఆ తరగతిలోనే ఉన్నారు. నాకు మంటగానే ఉండేది, కానీ ఉద్యోగం ఉద్యోగమే. ఇంట్లో ఒక నాలుక, బోర్డు ముందు ఒక నాలుక అలవాటు చేసుకున్నాను.

యశోదమ్మను నేను చూడకముందు విన్నాను. జనగామకు దగ్గరలోని ఒక పల్లెలో పదెకరాల సేద్యం చేయించే పెద్దావిడ. ఊరి పేరు వద్దు, వాళ్ల వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. పెద్ద కొడుకు, కోడలు ఇద్దరూ జాంబియాలో టీచర్లు. ఆ రోజుల్లో ఆ దేశం వాళ్లు మన దగ్గరి నుంచి టీచర్లను తీసుకుపోయేవారు. వాళ్లు బయల్దేరే సమయానికి కూతురు రజితకు తట్టు పోసింది. తగ్గాక తీసుకుపోదామని పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి వెళ్లారు. మా వైపు తల్లిని అవ్వ, నాయనమ్మను బాపమ్మ అంటాం. తగ్గడం వారంలో తగ్గింది, తీసుకుపోవడం మాత్రం మూడేళ్లు పట్టింది. వచ్చి తీసుకుపోదామంటే సెలవు దొరకదు. పిల్లను ఒంటరిగానైనా తీసుకొస్తామని విమానం వాళ్లు ఒప్పుకున్నారు. ఇక్కడ పెద్దవాళ్లు సంతకం పెట్టి అప్పగించాలి, అక్కడ తల్లిదండ్రులు సంతకం పెట్టి తీసుకోవాలి, మధ్యలో పిల్ల మెడలో కార్డు వేసి ఉద్యోగులు చేతి నుంచి చేతికి అందిస్తారు.

ఈ సంగతి చెప్పడానికి ఆ కొడుకు జాంబియా నుంచి రెండుసార్లు కాల్ చేశాడు. రెండూ నేనే రిలే చేశాను. మొదటిసారి యశోదమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏడేండ్ల పొల్లను ఒక్కదాన్ని మొగులు మీదికెల్లి పంపుమంటవా? సంచిల కట్టి బస్సు మీదేసే మక్క కంకులనుకున్నవా?"

"అవ్వా, అది మా మొఖాలు మర్సిపోతున్నది," అన్నాడు కొడుకు. రెండోసారి మాత్రం యశోదమ్మ, "నీ బిడ్డ, నీ ఇష్టం. తీస్కపో," అని ఫోను పెట్టేసింది.

జూన్‌లో పిల్ల బయల్దేరింది. చిన్న కొడుకు హైదరాబాద్ తీసుకెళ్లి పొద్దున విమానం వాళ్లకు అప్పగించాడు. బొంబాయిలో దిగి, సాయంత్రం ఆఫ్రికా విమానం ఎక్కాలి. యశోదమ్మ ఊరు కదల్లేదు. సాగనంపడం తన వల్ల కాదని ఇంట్లోనే ఉండిపోయిందట.

ఆ మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్నాను. హైదరాబాద్ ఆపరేటరు పిలిచి, బొంబాయి నుంచి లైట్నింగ్, పీపీ యశోదమ్మ అని చెప్పింది. చెడు వార్త కాకపోతే లైట్నింగ్ ఎవరు చేస్తారు?

అవతల మాట్లాడింది విమానాశ్రయంలో ఉన్న ఒక తెలుగు అధికారి, గుంటూరు వైపు ఆయన. పిల్ల క్షేమమేనని ముందే చెప్పాడు, ఆయనకు పుణ్యం ఉంటుంది. తరువాత అసలు సంగతి చెప్పాడు. పొద్దున్నుంచి పిల్ల చుక్క నీళ్లు ముట్టలేదు. ఏడవదు, పేచీ పెట్టదు, పెదవులు బిగించి కూర్చుంది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు గాని, ఈ ఎండల్లో నీళ్లు తాగని పిల్లను అంత దూరం ప్రయాణానికి ఎక్కించనివ్వనన్నాడు. విమానం తలుపు వేసేలోగా తాగితే సరి, లేకపోతే దించేస్తారు.

దించేస్తే బొంబాయిలో ఆ పిల్లకు ఎవరున్నారు? బాబాయి తిరుగు రైల్లో ఉంటాడు. అక్కడ తల్లిదండ్రులు తమ ఊరి నుంచి విమానాశ్రయానికి బయల్దేరే ఉంటారు. వీటన్నిటికన్నా పెద్ద భయం నాకు ఇంకొకటి ఉంది. పిల్ల ఒకసారి వెనక్కి వచ్చిందంటే యశోదమ్మ రెండోసారి గడప దాటనివ్వదు. ఆ తల్లీబిడ్డలు ఇంకెన్నేళ్లకు కలుస్తారో దేవుడికే తెలియాలి.

"ఎంత బతిమాలినా ఒకటే మాటండీ, బాపమ్మ ఒట్టు అంటుంది. ఒట్టూ లేదు, ఏమీ లేదని చెప్పినా వినదు," అని ఆయన నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఒట్టంటే ఏమిటో నాకు తెలుసు. తల మీద చెయ్యి వేయించి పెట్టిన ఒట్టు తప్పితే ఆ తల ఉన్న మనిషికే ముప్పని మా పెంపకం. చిన్నప్పుడు మా అవ్వ ఒట్టు పెట్టిందని ఒక వేసవంతా జామచెట్టు ఎక్కలేదు నేను. పండ్లన్నీ చిలకలు తిన్నాయి. ఎంత చదువుకున్నవాడు చెప్పినా ఒట్టు పోదు. పెట్టినవాళ్లే తీయాలి.

పల్లె పోస్టుమాస్టరు వెంకటయ్యను పిలిచి యశోదమ్మను వెంటనే తీసుకురమ్మన్నాను. ఆయన కిరాణా దుకాణంలో ఒక మూలే పోస్టాఫీసు. దుకాణం అలాగే వదిలి పరుగెత్తాడు. హైదరాబాద్ ఆపరేటరు లైను తీసేస్తానని రెండుసార్లు అంది. తీయొద్దని, మనిషి దారిలో ఉందని బతిమాలాను. చివరికి ఆయాసపడుతూ యశోదమ్మ వచ్చింది.

"గాలిమోటరుకు ఏమన్నయిందా బిడ్డా?"

ఏమీ కాలేదని ధైర్యం చెప్పి, సంగతి వివరించాను. ఆమె నెమ్మదిగా చెప్పింది.

"ఔ బిడ్డా, నేనే ఏసిన. ముక్కు మొఖం తెల్వనోళ్ల నడుమ పోతున్నది, ఎవలన్న మందు పెడ్తరేమోనని బుగులైంది. నేను కట్టిచ్చినయే తిను, ఎవలేమిచ్చినా ముట్టకు, నా మీద ఒట్టు అన్న. సకినాలు, అరిసెలు మూట కట్టిచ్చిన గద!"

ఆ మూట ఏమైందో పిల్లను అడిగి బొంబాయి ఆయన చెప్పాడు. బాబాయి దాన్ని జాగ్రత్తగా పెట్టెలో సర్దాడు. పెట్టె విమానం పొట్టలోకి పోయింది.

"మరి నీళ్లు?" అన్నాను.

"నీళ్ల సంగతి నాకు యాదికే రాలే," అంది యశోదమ్మ. ఒట్టు తీసేసినట్టు పిల్లతో చెప్పమంది.

పల్లె మాట బొంబాయికి వినబడటం లేదు. పిల్లకు ఫోను ఇమ్మని, బోర్డు భాషలో నేనే అందుకున్నాను. మీ బాపమ్మ గారు ఒట్టు తీసివేశారు, మంచినీళ్లు తాగమంటున్నారు పాపా, అన్నాను.

సన్నటి గొంతు వచ్చింది. "నువ్వెవలు?"

జనగామ ఆపరేటరునని చెప్పాను.

"మా బాపమ్మ గట్ల మాట్లాడది," అంది పిల్ల.

నిజమే కదా. గారు ఏమిటి, తీసివేశారు ఏమిటి? యశోదమ్మను ఎలా అంటే అలా అనమన్నాను. ఆమె అన్నది అన్నట్టే, ఆ రాగంతో సహా, బోర్డు ముందు నోరారా అన్నాను.

"ఓ నా రజ్జీ, నా బంగారు తల్లీ! నీ బాపమ్మకు బుద్ధి లేక ఏసిందే ఒట్టు! తీసి గట్టు మీద పెట్టిన. తాగు బిడ్డా!"

పక్క బోర్డు ఆపరేటర్లు తలలు తిప్పారు. సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నిలబడనీ అనుకున్నాను.

"మూడుసార్లు అనుమను," అంది పిల్ల. యశోదమ్మ మూడుసార్లు అంది, నేనూ మూడుసార్లు అన్నాను. పిల్ల ఇంకో ప్రశ్న వేసింది.

"బాపమ్మ తిన్నదా?"

అడిగాను. యశోదమ్మ నోరు తెరిచేలోగా వెనక నుంచి వెంకటయ్య గొంతు వినిపించింది. "ఏడ తిన్నది! పొద్దటి సంది పండుకునే ఉన్నది. ఎంగిలి పడలే."

కలపకూడదు, తగ్గించకూడదు. తినలేదట అని చెప్పాను.

"మరి నేనెట్ల తాగుత?"

ఆ మాట పల్లెకు చెప్పాను గాని, పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అప్పుడు వెంకటయ్య గల్లా పక్కన ఉన్న బెల్లం దిమ్మ నుంచి ముక్క కొట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన చెప్పేది వింటూ నేను పిల్లకు చెబుతూ పోయాను: చేతుల వట్టుకున్నది, నోట్లె ఏసుకున్నది, నములుతున్నది, మింగింది. తరువాత ఆ అధికారి అరిచినంత పని చేశాడు.

"తాగుతోందండీ! గ్లాసు ఖాళీ చేసింది! ఇంకోటి అడుగుతోంది!"

ఆ మాట యశోదమ్మకు చెప్పాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆమె ఒక్కసారి వెక్కి, వెంటనే తేరుకుని కసిరింది. "ఉత్త నీళ్లు పోసి ఊకుంటరా ఏంది? బువ్వ పెట్టుమను!"

సూపర్‌వైజరు నా భాష గురించి ఒక్క మాటా అనలేదు. కాల్ పూర్తయిందా అని అడిగాడు. పూర్తయిందన్నాను. తాళ్లు తీసి వెళ్లి నేనూ నీళ్లు తాగాను.

రెండు రోజుల తరువాత జాంబియా నుంచి కాల్ వచ్చింది. పిల్ల చేరింది. విమానంలో పెట్టినవన్నీ తిని, పక్క సీటు ఆయన వదిలేసిన కేకు కూడా తిన్నదట. తల్లిని మొదట గుర్తుపట్టలేదు గాని, రాత్రికి ఆమె పక్కలోనే పడుకుంది. యశోదమ్మ ఇదంతా విని, "ఇగ నాకు నిద్ర పడ్తది," అంది.

ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. రిలే చేయవలసి వచ్చిన ప్రతిసారీ అవతలి మనిషి మాటను ఉన్నదున్నట్టుగానే చెప్పాను. సరిదిద్దడం ఆపరేటరు పని కాదు. ఇక చిన్నపిల్లను ఒంటరిగా అంత దూరం పంపవచ్చా అని ఎవరైనా అడిగితే, పంపవచ్చనే అంటాను. అందించేవాళ్లు, అందుకునేవాళ్లు సరిగా ఉంటే భయం లేదు. అయితే చెప్పి పంపే జాగ్రత్తలన్నిటినీ ఒకసారి ఆ పిల్ల నోటితోనే తిరిగి చెప్పించుకోవాలి. మనం చెప్పింది పిల్లలు వినరేమోనని బెంగపడుతుంటాం. రజిత అక్షరం పొల్లుపోకుండా వింది. వచ్చిన చిక్కంతా అదే.