జూలై ఒకటిన పుట్టినవాళ్లు

జూన్ నెల సగం గడిచాక ఒక సోమవారం పొద్దున, మార్కాపురంలోని పలకల ఫ్యాక్టరీలో, లీదియా చేతిలోని కొయ్య సుత్తి కింద పెట్టి మేస్త్రీని పిలిచింది.

"నాయనా ఏలీయా, ఈ నెల ముప్పయ్యో తేదీ దాకనే నేను పనికొచ్చేది. ఆ రోజు రిటైర్ అవుతున్నా."

పలకలకు చట్రాలు బిగిస్తున్న ఆడవాళ్ల చేతులు ఒక్కసారి ఆగాయి. తర్వాత నవ్వులే నవ్వులు.

"రిటైరా!" అంది పక్కనున్న పాపమ్మ. "అయితే కలెక్టరు వచ్చి దండేస్తాడా వదినా?"

"కలెక్టరెందుకు? నువ్వే వెయ్. పూలు కూడా నువ్వే తేవాల."

ఏలీయాకు నవ్వు రాలేదు. "పెద్దమ్మా, కూలోళ్లకు రిటైర్మెంట్ ఏంది? చేతనైనంత కాలం చేస్తాం, చేతగాకుంటే మానేస్తాం. పైగా జూలైలో పెద్ద ఆర్డరుంది. నీ అంత చక్కగా మూలలు కలిపేదెవురు?"

"ఇంకా చేతనైతాంది కాబట్టే మానేస్తున్నా. చేతగాక మానేస్తే దాన్ని రిటైర్ కావడం అనరు నాయనా, పడిపోవడం అంటారు."

ఆ తేదీ ఆమె గాలిలోంచి తెచ్చుకున్నది కాదు. దాని వెనుక రంగయ్య సారు ఉన్నాడు. యాభై ఆరేడేళ్ల కిందట పల్లెల్లోని పిల్లలను బడిలో చేర్చుకున్నది ఆయనే. "పిల్ల ఎప్పుడు పుట్టింది?" అని ఆయన అడిగితే, లీదియా నాయన తల గోక్కుని, "వరిగ కోతలప్పుడు సార్, ఆ ఏడు మా ఎర్రావు ఈనింది" అన్నాడట. వరిగ కోతలను, ఎర్రావును రిజిస్టరులో రాయడం కుదరదు కదా. సారు కళ్లజోడు సర్దుకుని, ఒకటి, ఏడు, పందొమ్మిది వందల అరవై మూడు అని రాసేశాడు. ఆమె వెనుక నిలబడిన పిల్లవాడికీ అదే రాశాడు. వాడి వెనుక వాళ్లకూ అదే. ఒక్క తరగతిలో పద్దెనిమిది మంది ఒకే రోజున పుట్టారు. జయపాల్ అయితే నిజానికి లీదియా కంటే రెండేళ్లు చిన్న. వాడికీ అదే తేదీ పడింది. అందుకే రిజిస్టరు ప్రకారం కవల అయినా, వాడు ఇప్పటికీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

ఆ పద్దెనిమిది మందిలో తొమ్మిది మందికి సర్కారు ఉద్యోగాలు వచ్చాయి. అరవై రెండు నిండేసరికి, రంగయ్య సారు రాత పుణ్యమా అని, తొమ్మిది మందికీ ఒకే రోజు పదవీ విరమణ. జూన్ ముప్పై.

లీదియా తొమ్మిదో తరగతి సెలవుల్లో, అమ్మ కాలు విరిగిందని నెల రోజుల కోసం పలకల పనికి వచ్చింది. ఆ నెల నలభై ఏడేళ్లు సాగింది. నాలుగు చెక్కముక్కలు, వాటి గాడిలో ఒక రాతిపలక, మూలల మీద సుత్తితో నాలుగు దెబ్బలు. పలకను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టి చూస్తుంది. ఖంగుమంటే మంచిది. దబ్బుమంటే లోపల పగులుంది, కంటికి కనిపించకపోయినా సరే పక్కన పడేస్తుంది. ఆ తట్టడంలో ఆమె పొరబడిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

కూతురు రూబీ బీఎస్సీ చదివి, ఊళ్లోనే ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆమెకు రెండేళ్ల ఆడపిల్ల, పేరు హెప్సిబా. బిడ్డ పుట్టినప్పటి నుంచి రూబీకి గాలిని చూస్తేనే భయం. పలకల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి ఎలా గడ్డకడుతుందో ఆమె చదువుకుంది. చదువుకోకముందే నాయనలో చూసింది. ఆయన రాతి గనిలో పనిచేసి, దగ్గి దగ్గి, రూబీ పన్నెండో ఏట పోయాడు. ప్రతి ఆదివారం గుడికి పోయేముందు తల్లి వేలికి ఆక్సీమీటరు తగిలించి అంకె చూసుకుంటుంది. సాయంత్రం లీదియా పని నుంచి రాగానే పిల్ల "జేజీ" అంటూ ఉరుకుతుంది. "ఆగమ్మా, ముట్టుకోవద్దు!" అని రూబీ అరుస్తుంది. లీదియా రెండు చేతులూ పైకెత్తి, పట్టుబడ్డ దొంగలాగా నిలబడుతుంది. నీళ్లు పోసుకుని పని చీర మార్చుకున్నాకనే పిల్ల చేతికొస్తుంది. ఆ లోపల అది ఒక్కోసారి నిద్రపోతుంది.

పని మానమని మూడేళ్లుగా పోరుతున్న రూబీ, తల్లి మానేస్తానంటే మురిసిపోవాలి. కానీ ఆ రాత్రి అన్నాల దగ్గర లీదియా చెప్పిన రెండో మాట విని, కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసింది.

"మా క్లాసోళ్లంతా ముప్పయ్యో తేదీ ఫంక్షన్ హాల్లో సభ పెట్టుకుంటున్నారంట. జయపాల్ చెప్పినాడు. అందరికీ కలిపి ఒకటే సన్మానం. నేనూ పోతా."

"చూడ్డానికా?"

"చూడ్డానికెందుకు? నేనూ ఆ రోజే రిటైర్ అవుతున్నా కదా. నా ఫోటో కూడా ఫ్లెక్సీలో వెయ్యమని అడుగుతా."

"అమ్మా, వాళ్లంతా టీచర్లు, ఆఫీసర్లు. మందిలో ఎవురన్నా ఏమన్నా అంటే?"

"అంటే వింటా. నాకేం చెవుడా?"

సభ నడిపిస్తున్నది సుబ్బన్న. తహసీల్దారు ఆఫీసులో సూపరింటెండెంటు. జయపాల్ దగ్గర నంబరు తీసుకుని లీదియా ఫోన్ చేసింది. సుబ్బన్న మర్యాదస్తుడే. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"లీదియమ్మా, నువ్వు తప్పకుండా రావాల. భోజనం చేసిపోవాల. అయితే ఇది సర్వీసు చేసినోళ్లకు పెట్టింది. నీది... అంటే, నీది ప్రైవేటు కదా."

"నలభై ఏడేండ్లు సుబ్బన్నా. నీదెంత?"

"ముప్పై నాలుగు."

"ఆదివారాలు, పండగలు, మెడికల్ లీవులు తీసేసి చెప్పు."

సుబ్బన్న ఇబ్బందిగా నవ్వాడు. "ఫ్లెక్సీ ప్రింటింగుకు పోయింది తల్లీ. ముందు వరుసలో నీకు కుర్చీ వేయిస్తాలే" అని పెట్టేశాడు.

లీదియా ఆ రాత్రి తిట్టలేదు, ఏడవలేదు. మరునాడు పనిలో తట్టిన పలకల్లో ఒకటి గుడిగంటలాగా మోగింది. నల్లగా, ఒక్క గీత లేకుండా ఉంది. దానికి చట్రం బిగించి, "ఇది నాది" అని ఏలీయాకు చూపించి సంచిలో పెట్టుకుంది.

ముప్పయ్యో తేదీ సాయంత్రం నాలుగింటికి పాపమ్మ మాట నిలబెట్టుకుంది. చామంతి దండ తెచ్చి లీదియా మెడలో వేసింది. ఆడవాళ్లు చేతికున్న దుమ్ముతోనే చప్పట్లు కొట్టారు. గాలంతా బూడిద రంగైంది. ఏలీయా అందరికీ టీ, బిస్కెట్లు తెప్పించి, ఆమె టీ తాగేదాకా ఆగి, మెల్లగా అన్నాడు. "పెద్దమ్మా, మోజు తీరింది కదా. రేపటి నుంచి వస్తావా? ఆర్డరు అయ్యేదాకా, పది రోజులే."

లీదియా గ్లాసు కింద పెట్టింది. తను కూర్చున్న పీట ఎత్తుకుని చంకలో పెట్టుకుంది. తుమ్మచెక్కతో పెళ్లైన కొత్తలో మొగుడు చేసిచ్చిన పీట. మధ్యలో అరిగి, దొప్పలాగా నున్నబడింది. "ఇది ఇక్కడుంటే కదా నేను రావడానికి" అని గేటు దాటింది.

ఇంటికి పోయి నీళ్లు పోసుకుని, తెల్ల చీర కట్టుకుని, దండ మళ్లీ మెడలో వేసుకుంది. ఆటో ఎక్కేటప్పుడు ఒక చేతిలో పీట, ఇంకో చేతిలో పలక. రూబీ పిల్లను ఎత్తుకుని వెంట వచ్చింది. దారంతా, "అమ్మా, కనీసం పీటైనా ఆటోలో పెట్టి పోదాం" అని బతిమాలుతూనే ఉంది.

హాలు ముందు ఫ్లెక్సీలో తొమ్మిది ముఖాలు నవ్వుతున్నాయి. లోపల వేదిక మీద తెల్లగుడ్డ తొడిగిన తొమ్మిది కుర్చీలు, ఒక్కోదాని ముందు పేరు, ఉద్యోగం రాసిన అట్ట. మొదటి వరుసలో లీదియా కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగానే ఉంది. లీదియా దాన్ని చూసింది, దాటింది, మెట్లెక్కింది. చివరి కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. సంచిలోంచి సుద్దముక్క తీసి, పలక మీద గుండ్రని అక్షరాలతో రాసి, ముందుకు తిప్పి పెట్టుకుంది.

లీదియా. పలకల కార్మికురాలు. సర్వీసు 47 ఏండ్లు.

హాల్లో గుసగుసలు లేచాయి. ఎవరో నవ్వారు. రూబీకి చెవులు వేడెక్కాయి. పిల్లను గట్టిగా పట్టుకుని గోడవారగా నిలబడిపోయింది. సుబ్బన్న చెమట తుడుచుకుంటూ వచ్చి వంగాడు.

"లీదియమ్మా, కింద కూర్చో తల్లీ, బాగుండదు."

"కిందనే కూర్చున్నా కదా సుబ్బన్నా. నీ కుర్చీ కంటే మూరెడు కింద."

"అది కాదమ్మా. కావాలంటే ఇంకో కుర్చీ తెప్పిస్తా, ఆ పీట తీసెయ్."

"తియ్యను. మీరు మీ ఆఫీసు కుర్చీలు తెచ్చుకోలేరు, అవి సర్కారువి. ఇది నాది. పెళ్లైన కాడి నుంచి దీని మీదే కూర్చున్నా, దీని మీదనే రిటైర్ అవుతా."

చివరి కుర్చీలో ఉన్నది శ్రీదేవి. కొనకనమిట్ల దగ్గర ఒక బడిలో హెడ్‌మిస్ట్రెస్. ఐదో తరగతిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. లీదియా లెక్కలు చేస్తే శ్రీదేవి చూసి రాసేది. శ్రీదేవి జామకాయలు తెస్తే లీదియా తినేది. నలభై ఏడేళ్లలో బజార్లో రెండుమూడు సార్లు ఎదురుపడి, "బాగుండావా" అంటే "బాగుండా" అనుకోవడం తప్ప మాటల్లేవు. ఇప్పుడు ఆమె కళ్లజోడు తీసి, పలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇట్లాంటివి మా బడికి ఎన్నొచ్చేవో! మూల ఊడేది కాదు. ఎవురు చేసినారో అనుకునేదాన్ని" అంది.

"అనుకున్నావు కానీ, వచ్చి అడగలేదు కదా."

శ్రీదేవి ముఖం ఎర్రబడింది. పలకను మళ్లీ లీదియా ముందు పెట్టింది. తన వంతు వచ్చి మైకు చేతికిచ్చినప్పుడు, "నాకంటే ముందు సర్వీసులో చేరినోళ్లు ఉండారు, ముందు ఆమె మాట్లాడాల" అని మైకు కిందికి దించింది.

లీదియాకు మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలి కణుపుతో పలకను తట్టింది. ఆ ఖంగుమన్న శబ్దం మైకులోంచి హాలంతా మోగింది. గుసగుసలు ఆగాయి. అప్పుడు మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను ఉపన్యాసం చెప్పడానికి రాలేదు. మా రంగయ్య సారు మా అందరికీ ఒకటే పుట్టినరోజు రాసినాడు. ఆయన రాసేటప్పుడు ఎవురు ఆఫీసరవుతారు, ఎవురు కూలికి పోతారు అని చూడలేదు. వరసబెట్టి రాసినాడు. ఆ వరసలో నేను మూడోదాన్ని, సుబ్బన్న ఏడో వాడు. మీకు రిటైర్మెంట్ ఆర్డరు సర్కారు ఇచ్చింది. నాకు ఇచ్చేవాళ్లు లేరు, అందుకని నాకు నేనే ఇచ్చుకున్నా. అంతే. ఆకలైతాంది, కానీయండి."

ముందుగా జయపాల్ ఈల వేశాడు. పాతికేళ్లు ఆర్టీసీ బస్సులో కండక్టరుగా వేసిన ఈల. తర్వాత చప్పట్లు. అందరూ కొట్టారని కాదు. రెండో వరుసలో కొందరు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. సుబ్బన్న తెచ్చినవి తొమ్మిది శాలువాలే. జయపాల్ తనది తీసి లీదియాకు కప్పబోతే, "ఉంచుకో రా, ఈ ఉడకపోతలో నాకెందుకు" అని తోసేసింది. ఫోటో తీసేవాడు పీట జరపమంటే జరపలేదు. అందుకే ఆ ఫోటోలో తొమ్మిది మంది పైన, లీదియా వాళ్ల మోకాళ్ల దగ్గర ఉంటారు. కానీ పేర్ల అట్టలన్నీ వెలుతురు పడి తెల్లబడిపోయాయి, చదవడానికి వచ్చేది ఆ పలక ఒక్కటే.

మరునాడు జూలై ఒకటి. పద్దెనిమిది మంది పుట్టినరోజు.

పొద్దున ఎనిమిదింటికి కూలీల ఆటో వచ్చి, ఇంటి ముందు ఎప్పటిలాగే రెండుసార్లు హారన్ కొట్టింది. ఇంట్లో రూబీ చేతిలోని పాలగ్లాసు ఆగింది. తల్లిది నలభై ఏడేళ్ల అలవాటు. పది రోజులే అన్నాడు ఏలీయా. నిన్న మైకులో చెప్పడం వేరు, ఈ హారన్ విని లేవకుండా ఉండడం వేరు. రూబీ తలుపు సందులోంచి చూసింది.

పిల్ల "జేజీ" అని ఉరికింది. లీదియా చేతులు వాటంతట అవే పైకి లేచాయి. సగంలో ఆగాయి. కిందికి వచ్చి పిల్లను ఎత్తుకున్నాయి. లీదియా అట్లనే గేటు దాకా నడిచింది.

"పెద్దమ్మా, ఫ్యాక్టరీ సేటు కూడా అడిగినాడు" అన్నాడు ఏలీయా ఆటోలోంచి తల బయటపెట్టి. "పది రోజులు. కొత్త పిల్లలకు నేర్పించినట్టు కూడా ఉంటది."

"నువ్వు పోయి సుబ్బన్నను అడుగు నాయనా, పది రోజులు ఆఫీసుకు రమ్మని. ఆయన వస్తే నేనూ వస్తా."

వెనుక సీట్లో పాపమ్మ కిసుక్కున నవ్వింది. ఏలీయా ఆఖరి బాణం వేశాడు. "ఇంట్లో కూర్చొని ఏం చేస్తావు పెద్దమ్మా? తోచదు నీకు."

"ఇంట్లో ఎవురు కూర్చుంటారు? శ్రీదేవి ఫోన్ చేసింది. ఇద్దరం రైల్లో గిద్దలూరు పోయొస్తాం."

"గిద్దలూరులో ఏం పని?"

"ఏం పనీ లేదు" అంది లీదియా.

ఆటో కదిలింది. అరుగు మీద పీట ఉంది. పిల్ల కిందికి దిగుతానని గింజుకుని, పోయి దాని గుంటలో సరిగ్గా సరిపోయేటట్టు కూర్చుంది. రూబీ పాలగ్లాసుతో బయటికి వచ్చి, పీట మీద దుమ్ముందేమోనని ఒకసారి వేలితో రాసి చూసుకుంది. లేదు. లీదియా నిన్ననే రెండుసార్లు కడిగింది.