మేస్త్రీ ఇంటివాళ్ళు ఎక్కని పడవ

పడవ నది మధ్యకు వచ్చాక అడుగున ఒక అతుకు విడిపోయింది. రేపల్లె వైపు రేవులో ఎక్కి కృష్ణ దాటుతున్నవాళ్ళు నలభైమంది దాకా ఉన్నారు. మూడు సైకిళ్ళు, మామిడికాయల గంపలు కూడా ఉన్నాయి. కాళ్ళ కింద నీళ్ళు చేరుతుంటే సరంగు కంగారుపడకుండా పడవను పక్కనున్న ఇసుకతిన్నె మీదికి తోలాడు. అందరూ మోకాలిలోతు నీళ్ళలో దిగారు. ఒక్క ప్రాణమూ పోలేదు. కానీ పడవ కొత్తది. రేవులోకి దిగి అది మూడో రోజు.

నేను తెనాలి నుంచి బస్సులో చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి భయం పోయి మాటలు మొదలయ్యాయి.

"పడవలో బావి కూడా తవ్వించాడర్రా మేస్త్రీ, మనకి చెప్పకుండా," అన్నాడు ఒక ముసలాయన పంచె పిండుకుంటూ.

"నవ్వు బాబాయ్, నవ్వు. పోయినవి నీ గంపలు కాదుగా," అంది మామిడికాయలు అమ్మే ఆవిడ. తర్వాత నా చేతిలో నోటుబుక్కు చూసింది. "రాసుకోండి సార్. ఈసారి మేస్త్రీ పెళ్ళాం పడవెక్కలేదు. అది కూడా రాయండి."

రాశాను. సాయంత్రం బస్సులో పంపిన వార్తల కవరులో చివరి వాక్యం అదే: "ఆనవాయితీకి భిన్నంగా ఈ పడవలో మేస్త్రీ కుటుంబం ప్రయాణించలేదు." మర్నాడు అచ్చయింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆ మేస్త్రీ నా తోడల్లుడు.

రేపల్లె దగ్గర కాలవ గట్టున అతని షెడ్డు. మనుషుల్ని దాటించే పెద్ద పడవలు కట్టేవాడు. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం పూసి, కొత్త పడవను వారంరోజులు కాలవనీళ్ళలో నానబెట్టేవాడు. కర్ర ఉబ్బి అతుకులు బిగుస్తాయి. ఆ తర్వాత తన భార్యను, పెద్దపిల్లను ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళి వచ్చేవాడు. వాళ్ళు తిరిగొచ్చాకే జనం ఎక్కేవారు. అది వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి. పడవ ముక్కు మీద ఎర్రరంగుతో అతని పేరు మూరెడు పొడవున ఉండేది.

నేను అప్పటికి ఏడేళ్ళుగా పత్రికకు రాస్తున్నాను. నా పేరు ఒక్కసారి కూడా పడలేదు. వార్త మొదట్లో ఊరిపేరు ఉండేది, అంతే.

మా మామగారిది బాపట్ల. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర తెలిసినవాళ్ళకు మమ్మల్ని చూపించేవారు. "మా చిన్నల్లుడండి. కృష్ణ దాటాలంటే ఇతని పడవే ఎక్కాలి." నా దగ్గరికి వచ్చేసరికి, "పెద్దల్లుడు. పేపర్లో..." అని ఆగిపోయేవారు. ఏ పేపరని కూడా ఎవరూ అడిగేవారు కాదు. ఇంటికొచ్చాక అత్తగారు నాకు ముందు వడ్డించేవారు, పెద్దల్లుణ్ణి కాబట్టి. చేప తలకాయ మాత్రం అతని కంచంలో ఉండేది.

రేవులో చూసింది ఇంకా ఎక్కువగా గుచ్చుకునేది. ఎనభైల్లో ఒకసారి సగం ఖాళీగా ఉన్న పడవను వదిలేసి జనం ఎండలో నిలబడ్డారు. ఎందుకని అడిగితే, "ఆ షెడ్డు పడవ వస్తందండి, దాంట్లో పోతాం," అన్నారు. నా వార్తలమీద వాళ్ళకంత నమ్మకం ఏనాడూ లేదు. "పేపరోళ్ళు సవాలక్ష రాస్తారు" అనేవారు నా ఎదుటే.

ప్రమాదం జరిగిన సంవత్సరం రేవును వేలంపాటలో పాడుకున్న పాటదారు, కొత్త పడవ ఏప్రిల్ ఒకటికల్లా నీళ్ళలో ఉండాలని పట్టుబట్టాడు. అప్పుడు మా మరదలు పురిటికి బాపట్లలో ఉంది, పెద్దపిల్ల కూడా తల్లి దగ్గరే. మేస్త్రీ ఇంటివాళ్ళు పడవ ఎక్కకపోవడానికి కారణం అదే. ఆ కారణం రేవులో ఉన్న ఏ ఒక్కరికంటే నాకు బాగా తెలుసు.

ఆదివారం బాపట్ల వెళ్ళాం. మరదలు మంచం మీద పసివాణ్ణి పక్కన వేసుకుని ఉంది. దిండు పక్కనే మా పేపరు.

"బావగారూ, నేనిక్కడ పురిట్లో ఉన్నానని మీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"మరి?"

"చోటు చాలలేదు."

"ఎంత చోటు కావాలి బావగారూ? ఒక్క లైనేగా."

నా భార్య పసివాడి బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు. ఇంతలో తోడల్లుడు లోపలికొచ్చాడు. "అన్నగారికి కాఫీ ఇచ్చారా?" అన్నాడు. వార్త మాట ఎత్తలేదు, అప్పుడే కాదు, ఎప్పుడూ. ఆ నిబ్బరం చూసి కూడా కుళ్ళుకున్నాను.

సవరణ వేయిస్తానని మరదలికి మాటిచ్చాను. తెనాలి వచ్చి మూడు లైన్లు రాశాను కూడా. కవరు అంటించేటప్పుడు ఆ కాగితం బల్ల మీదే ఉంచేశాను. వారం గడిచాక ఇక పాతబడిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను.

రేవులో ప్రశ్న మారింది. "ఆ షెడ్డుదేనా?" అని అడిగి ఎక్కినవాళ్ళే, "ఆ షెడ్డుది కాదుగా?" అని అడగసాగారు. అతను తర్వాతి పడవను పదిరోజులు నానబెట్టాడు. మా మరదలు మూడునెలల పిల్లాణ్ణి ఎత్తుకుని వారంపాటు రోజూ రెండుసార్లు నది దాటింది. నేను ఒకరోజు వెళ్ళి చూశాను. పడవలో ఆమె, పెద్దపిల్ల, పసివాడు, సరంగూ. గట్టుమీద జనం.

"అప్పుడెక్కాలమ్మా, ఇప్పుడు కాదు," అని ఎవరో అరిచారు. కొందరు నవ్వారు. ఆమె ఒడ్డువైపు చూడలేదు.

మరుసటేడు పాటదారు ఇంకో షెడ్డుకి వెళ్ళాడు. అడవులదీవి జాలర్లు కొన్నాళ్ళు మరమ్మతు పనులు ఇచ్చారు, తర్వాత అవీ ఆగాయి. తొంభైల చివరికి అతను రేపల్లెలో తలుపులు, కిటికీలు చేసేవాడు. మా మామగారు చర్చి మెట్ల దగ్గర మా ఇద్దరినీ "అల్లుళ్ళు" అని ఒకే మాటతో సరిపెట్టేవారు. నేను ఎన్నాళ్ళో కోరుకున్న సమానత్వం అలా వచ్చింది. అది నాకు సంతోషం ఇవ్వలేదని రాస్తే అబద్ధమవుతుంది. మొదట్లో ఇచ్చింది.

ప్రమాదం మీద విచారణ జరుపుతామని అప్పట్లో ప్రకటించారు. అధికారి వచ్చేలోపే పాటదారు పడవను విప్పించి పలకలు అమ్మేశాడు. పడవను వారం నానబెట్టానని నా తోడల్లుడు రాసిచ్చాడు. నాలుగు రోజులే నానిందని పక్క షెడ్డువాళ్ళు రాసిచ్చారు. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉన్నాయి. వాటి కింద ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు.