బోర్లా పెట్టని గడియారం

గద్వాలలో యాభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన చాచా ఐదు వారాల కిందట, సోమవారం ఉదయం ఆరుంబావుకు తన ఇంట్లో కన్నుమూశారు. పెద్దకొడుకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాక, "అన్నా, ఆ గడియారం సంగతి నీకు తెలుసంట గదా" అన్నాడు. తెలుసు. మూడేళ్లుగా తెలుసు.

చాచాకు తిండి పెట్టింది బాగుచేసే పనే. ప్రాణం మాత్రం పాత చేతి గడియారాల వెనక మూతల మీద ఉండేది. వాటి మీద చెక్కించిన పేర్ల కోసం వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా బస్సుల్లో తిరిగేవారు. లింగాల పంతులుగారికి పదవీ విరమణ రోజు పిల్లలు ఇచ్చిన గడియారం కోసం నాలుగుసార్లు వెళ్లారు. దుకాణంలోని అద్దాల పెట్టెలో అన్నింటినీ బోర్లా పెట్టేవారు, చెక్కిన రాత కనబడేలా.

"ముఖాలన్నీ ఒక్క తీరే ఉంటయి. ఈపు సూడు, ఎవరిదో తెలుస్తది," అనేవారు. నేను ఫోన్‌లో టైమ్ చూసుకుంటే, "దాని ఈపు మీద నీ పేరుందా బేటా? కంపెనోని పేరే ఉంటది" అని ఏడిపించేవారు. ఏ కాగితం చేతికొచ్చినా వెనక్కి తిప్పి చూసే అలవాటు నాకు ఆయన దగ్గరే అబ్బింది.

రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే అన్నింటికీ కీ తిప్పి చావి ఇచ్చేవారు, ఒక్కదానికి తప్ప. అది పెట్టె మూలన ముఖం పైకి పెట్టి ఉండేది. ముళ్లు నాలుగు గంటల ఇరవై నిమిషాల దగ్గర ఆగి ఉండేవి. ఎందుకని మూడేళ్ల కిందట అడిగాను. దుకాణంలో ఎవరూ లేరని చూసుకుని, దాని మూత తీసి నా చేతికి భూతద్దం ఇచ్చారు.

మూత పైన "మా అల్లునికి, వడ్డేపల్లి" అని, కింద పెళ్లి తారీఖు. లోపలి వైపు సూదితో గీసిన ఉర్దూ అక్షరం, పక్కన ఇంకో తారీఖు. బాగుచేసిన ప్రతి గడియారం లోపలా పనివాళ్లు తమ గుర్తు అలా గీసుకుంటారు. ఆ అక్షరం చాచాది. ఆ తారీఖు 2009 వరదకు మూడు రోజుల ముందుది. పళ్ల చక్రాల మధ్య ఎండిన ఒండ్రు ఉంది.

ఆ అల్లుడు వరద రోజు అలంపూర్ వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. నాలుగేళ్ల తర్వాత కర్నూలులో పాత సామాన్ల బండి మీద కొన్న గడియారాల్లో చాచాకు ఇది వచ్చింది.

ఆ అల్లుడి భార్య వడ్డేపల్లిలోనే ఉంటుంది. బొట్టు, మెట్టెలు తీయలేదు. మరణ ధ్రువపత్రం తీసుకొమ్మని అన్నదమ్ములు ఎంత చెప్పినా వినలేదు. ఆయన ఒంటి మీది వస్తువు ఒక్కటి చూపిస్తే నమ్ముతానంటుంది. ఏటా ఒకసారి ఈ దుకాణానికి వచ్చి, పెట్టెలోని మూతలన్నీ వరుసగా చదువుతుంది. "మా నాయన రాయించింది ఏమన్న వచ్చిందా చాచా?" అని అడుగుతుంది. రాలేదమ్మా అంటారు చాచా. అలాంటి తెల్లముఖం గడియారాలు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. మూలనున్నదాన్ని ఆమె చూసీ చూడనట్టు దాటిపోతుంది.

సొరుగులో పెట్టొచ్చు కదా అన్నాను.

"దాస్తే దొంగతనమైతది. బోర్లేస్తే ఆమె నుదురు తుడుస్తరు. రెండూ నాతోని గావు బేటా."

పేపర్ల రాస్తవా అని అడిగారు. రాయనన్నాను. ముప్పై ఏళ్ల విలేకరి ఉద్యోగంలో, రూఢి అయ్యాక కూడా నేను ఆపిన వార్త అదొక్కటే. ఆ తర్వాత ఆమె మూడుసార్లు వచ్చింది. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. నమస్తే పెట్టి, పేపరోళ్లకు ఏమన్న తెలిస్తే జర చెప్పమంది. చాచా టీ తెప్పించారు. నేను తాగాను.

చివరి వారం చాచా కొడుకుతో చెప్పిన మాట ఒకటే: "నేను పోయినంక దాన్ని బోర్లెయ్యి."

ఈ శుక్రవారం నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన. అది కాగానే దుకాణం తెరుస్తున్నామని కొడుకు ఆమెకు ఫోన్ చేశాడు. చాచా పోయిండని ఏడ్చి, ఈసారి మూతలన్నీ నిమ్మళంగా చూస్తానందట. శనివారం పది గంటలకు షట్టర్ ఎత్తుతారు. కొడుకు మిగతా గడియారాలకు చావి ఇచ్చి, మూలనున్నదాన్ని తిప్పి పెడతాడు. ఆమె పదకొండింటి బస్సుకు వస్తుంది.